నాగావళి నుంచి జీడి కొండల దాకా: మట్టిదారి సైకిల్ రూటు డైరీ

శ్రీకాకుళం నుంచి మందస దాకా, వీలైనంత వరకు తారు రోడ్డు తగలకుండా సైకిల్ మీద వెళ్ళే రూటు ఇది. వంశధార గట్టు, కాలువ గట్టు, చెరువు గట్లు, చివర్లో పలాస, మందస వైపు జీడి తోటల కొండలు. ఇదే దారిలో రావాలనుకునేవాళ్ళు నేరుగా వాడుకోవచ్చు. తమ మండలంలో ఇలాంటిదే వేసుకోవాలనుకునేవాళ్ళకు టైర్ల మీద, ట్యూబుల మీద మాకైన ఖర్చయినా మిగులుతుంది. త్వరగా చేరడమే ముఖ్యమైతే 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది, ఈ డైరీతో పని లేదు.

సైకిళ్ళు, కొలతలు

తొక్కింది నేను, మా బావ. నాది స్టీలు ఫ్రేమ్ హైబ్రిడ్. 700 సైజు చక్రాలు, 35 మి.మీ. టైర్లు, ముందు మూడు చైన్‌రింగులు (పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రాలు: 48, 36, 26 పళ్ళు), వెనక 11–32 క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి). బావ సైకిలుకు ముందు 40 పళ్ళ చైన్‌రింగు ఒక్కటే, వెనక 11–36. ఇద్దరివీ డిస్క్ బ్రేకులే. నేను, సైకిలు, నీళ్ళు, సామాను అన్నీ కలిపి 90 కిలోలు. కింద రాసిన గాలి లెక్కలన్నీ ఈ బరువుకే. మీరు బరువెక్కువైతే రెండు మూడు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెంచుకోండి.

కొలిచిన పద్ధతి:

1. దూరం చక్రానికి కట్టిన మాగ్నెట్ మీటరుతో. ఫోన్ జీపీఎస్ గట్ల మీద బాగానే ఉంటుంది కానీ, చెట్ల కింద అటూ ఇటూ గెంతి దూరం ఎక్కువ చూపిస్తుంది.
2. టైరు మార్చినప్పుడల్లా మీటరులో చుట్టుకొలత మార్చాలి. 35 మి.మీ. టైరుకు 2168 మి.మీ., 40 మి.మీ. టైరుకు 2200 మి.మీ. మార్చకపోతే వంద కిలోమీటర్లకు ఒకటిన్నర తేడా వస్తుంది.
3. నేలను ఐదు రకాలుగా రాసుకున్నాం: తారు, సిమెంటు, గట్టి గ్రావెల్, వదులు ఇసుక, బంకమట్టి. మొదటి రెండూ పోను మిగిలినదంతా మొత్తాల్లో 'మట్టి' కిందే లెక్క.
4. ఎక్కుడు కొలతకు బారోమీటర్ ఉన్న గడియారం. ఫోన్‌ను నమ్మొద్దు. జీడి కొండల్లో గడియారం 610 మీటర్లు చూపించిన రోజున ఫోన్ 1,140 చూపించింది.

దారికి మార్కులు వేసే పద్ధతి మాత్రం మాది కాదు. ఇటలీలోని టస్కనీలో ద్రాక్షతోటల కొండల మధ్య తెల్లమట్టి రోడ్లున్నాయి. వాటి మీద తారు పడకుండా కాపాడుకోవాలనే 1997లో గయోలె ఇన్ కియాంటి అనే ఊళ్ళో లెరోయికా అనే పాత సైకిళ్ళ యాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ 209 కి.మీ. దారికి ఏడాది పొడవునా బోర్డులుంటాయి. 2007లో మొదలైన స్ట్రాడె బియాంకె రేసులోనైతే ఒక్కో మట్టి ముక్కకు నంబరు, పొడవు, కష్టాన్ని బట్టి చుక్కలు ఇస్తారు. మేం తీసుకున్నది ఈ చుక్కల పద్ధతే. కాకపోతే ఒక ముక్కకు ఒకే మార్కు అంటే మన దగ్గర కుదరదు. మాఘంలో ఒక్క చుక్క పడే గట్టుకు శ్రావణంలో ఐదు చుక్కలూ చాలవు. అందుకని ఒక్కో ముక్కకు రెండు మార్కులు: ఎండుకు ఒకటి, తడికి ఒకటి. అవన్నీ చివర్లో ఉన్నాయి.

దశ 1: శ్రీకాకుళం – శాలిహుండం – మడపాం

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి, గార మీదుగా శాలిహుండం దాకా తారే. పొద్దున్న ఆరులోపు ఊరు దాటితే చాలు, రాయడానికింకేమీ లేదు.

శాలిహుండంలో మాత్రం ఆగాలి. బౌద్ధ స్తూపాలున్న ఆ కొండ మెట్లెక్కితే వంశధార చాలా దూరం కనిపిస్తుంది. శాటిలైట్ మ్యాపులో తేలని సంగతులు రెండు అక్కడి నుంచే తేలాయి: గట్టు ఎక్కడ తెగిపోయి పొలాల్లో కలుస్తోంది, ఇసుక ట్రాక్టర్లు ఏ దారిలో నదిలోకి దిగుతున్నాయి. మ్యాపులో గీత ఏకధాటిగా ఉంది. కొండ మీద నుంచి చూస్తే అది మూడు ముక్కలు.

కష్టం ట్రాక్టర్ల దారి దగ్గర మొదలైంది. గట్టు మీదికి ఇసుక రాలి, రెండు చక్రాల జాడలూ లోతుగా పడి, మధ్యలో గడ్డి మిట్టలా నిలుస్తుంది. 35 మి.మీ. టైర్లలో 55 పీఎస్‌ఐ గాలితో వెళ్తే ముందు చక్రం ఇసుకలో దిగబడి పక్కకు తిరిగిపోయింది. కాబట్టి అక్కడంతా నడకే. గాలి 35కు దించాం. ఇసుకలో సైకిలు కదిలింది, కానీ ఇసుక అయిపోయిన చోట సిమెంటు తూము అంచుకు టైరు కొట్టుకుని ట్యూబు రిమ్ముకూ తూముకూ మధ్య నలిగింది. పక్కపక్కనే రెండు చిల్లులు. ట్యూబు మార్చి 40 పెట్టాం. తర్వాతి తూము దగ్గర అదే జరిగింది.

తేలిందేమిటంటే, 35 మి.మీ. టైరుకు ఇసుకలో పనికొచ్చే గాలి రాళ్ళ మీద పనికిరాదు, రాళ్ళకు సరిపడే గాలి ఇసుకలో పనికిరాదు. మధ్యేమార్గం లేదు. టైరు లావైనా చేయాలి, ట్యూబైనా తీసేయాలి. చివరికి రెండూ చేశాం, కానీ ఒకదాని తర్వాత ఒకటి.

ఇసుకలో తొక్కే తీరు:

1. ఇసుక కనిపించక ముందే చిన్న గేరులోకి రావాలి. లోపలికి వెళ్ళాక మారిస్తే చైను ఇరుక్కుంటుంది.
2. బరువంతా వెనక్కి, చేతులు వదులుగా.
3. ట్రాక్టరు జాడలో వద్దు. మధ్య గడ్డి మీదే నడపాలి, వేర్లు ఇసుకను పట్టి ఉంచుతాయి.
4. వాన కురిసిన మర్నాడు ఇసుక గట్టిపడుతుంది. ఈ ముక్కకు అదే మంచి రోజు.

నదిలో ఇసుక మేటల మీదుగా అడ్డదారులు కనిపిస్తాయి. పశువులు దాటుతుంటాయి కూడా. రూటులో వాటిని పెట్టలేదు. వంశధార ఒడిశా కొండల్లో పుడుతుంది. అక్కడ వాన పడితే ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నప్పుడే నీళ్ళు పెరుగుతాయి.

ఇప్పటికి: దూరం 36 కి.మీ., మట్టి 14 కి.మీ. ఖర్చు 780 రూపాయలు (ట్యూబులు, ప్యాచీలు).

దశ 2: మడపాం – శ్రీముఖలింగం – గొట్టా

మడపాం వంతెన మీద నది దాటి ఎడమ ఒడ్డుకు వచ్చాం. ఇటు పక్క మట్టి మారిపోతుంది. ఇసుక తగ్గి ఒండ్రు మొదలవుతుంది. ఎండినప్పుడు ఈ ముక్కంత హాయైన దారి మొత్తం రూటులో లేదు. నేల సిమెంటంత గట్టి, పక్కన వరి, అక్కడక్కడ తాటి తోపులు, గంటకు 18 కి.మీ. వేగం కష్టపడకుండానే వస్తుంది.

ముందురోజు రాత్రి జల్లు పడితే పూర్తిగా వేరే కథ. చూడ్డానికి నేల పైపైన తడిగా ఉంటుంది, అంతే. రెండు వందల మీటర్లు తొక్కేసరికి టైరు చుట్టూ బంకమట్టి పట్టింది. దాని మీద గడ్డి, గడ్డి మీద మళ్ళీ మట్టి. మడ్‌గార్డు లోపల అదంతా కుక్కుకుపోయి చక్రం ఆగిపోయింది. తొక్కడం సరే, తొయ్యడానికి కూడా రాలేదు. భుజాన వేసుకుని దగ్గర్లోని కళ్ళం దాకా మోశాం. అక్కడ ధాన్యం తూచే కాటా ఉంటే సంచులు తీసేసి సైకిలును దాని మీద పెట్టి చూశాం. మామూలుగా 13.4 కిలోలుండేది 19.1 చూపించింది. ఐదున్నర కిలోలకు పైగా మట్టే.

కళ్ళంలో ఉన్న రైతు చూసి నవ్వి, "వాన పడితే మా బళ్ళే దిగవు బావూ, మీరేటి ఈ సన్న చక్రాలేసుకొచ్చీసినారు?" అన్నాడు. మట్టి గీకడానికి వెదురు బద్ద చీల్చి ఇచ్చింది ఆయనే. అంతకుముందు టైరు లీవరుతో గీకుతున్నాం. వెదురు బద్దకు మొన ఉంటుంది, వంగుతుంది, రిమ్ము మీద గీత పడదు. ఆ రోజు నుంచి ఇద్దరి సైకిళ్ళకూ ఒక్కో బద్ద కట్టే ఉంటోంది. దుకాణంలో కొన్న పనిముట్లలో దీనికి సాటి వచ్చింది లేదు.

అసలు నష్టం బావ సైకిలుకు జరిగింది. మట్టితో బిగుసుకున్న చైనును పెడలుతో బలంగా లాగేసరికి వెనక డిరైల్యూర్ (గేర్లు మార్చే భాగం) చువ్వల్లోకి వెళ్ళి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. ఈ హ్యాంగర్ కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు, ఫ్రేము విరగకుండా ముందు ఇది విరగాలని. సమస్యేమిటంటే ఒక్కో కంపెనీ ఫ్రేముకు ఒక్కో ఆకారం. శ్రీకాకుళంలో దొరకలేదు, తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ రోజుకు ఇలా ఇంటికి చేరాం:

1. చైన్ టూలుతో చైను తెంపి, డిరైల్యూర్‌ను పూర్తిగా పక్కకు తీసి ఫ్రేముకు కట్టేశాం.
2. వెనక మధ్యలో ఉన్న పళ్ళచక్రం మీదుగా చైను నేరుగా వచ్చేలా లింకులు తగ్గించాం. చైను అడ్డంగా పోకూడదు, పోతే ఎక్కి దిగుతూ ఉంటుంది.
3. క్విక్ లింకుతో (చేత్తోనే కలిపే చైను ముక్క) కలిపాం.
4. ఒకే గేరులో, లేచి నిలబడకుండా, మెల్లగా తారు రోడ్డు దాకా.

కళ్ళం నుంచి కదిలే ముందే మడ్‌గార్డులు విప్పేశాం, మళ్ళీ బిగించలేదు. ఇక టైరు విషయం. ఇసుక కోసం 45 మి.మీ. కొందామని ఉండేది. ఫ్రేములో వెనక చక్రం పక్కన ఖాళీ కొలిస్తే మొత్తం 53 మి.మీ. వచ్చింది. 45 వేస్తే రెండు పక్కలా నాలుగేసి మి.మీ. మిగులుతుంది. మట్టి పట్టగానే నిండిపోతుంది. 40 వేస్తే ఆరున్నర మిగులుతుంది. ఇసుకకు 45 మంచిది, మట్టికి 40 మంచిది. మట్టిలో ఆగిపోతే ఇంటికి చేరడమే కష్టం, ఇసుకలో ఆగితే దిగి నడవొచ్చు. అందుకే 40 తీసుకున్నాం, మధ్యలో నున్నగా, పక్కల గుబ్బలున్న రకం. నిండా గుబ్బలున్నవి మట్టిని ఇంకా పట్టుకుంటాయి.

శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయం దగ్గర నీళ్ళు, నీడ, టిఫిను దొరుకుతాయి. ఎనిమిది దాటితే ఇడ్లీ అయిపోతుంది. గుడి చుట్టూ రాతి శిల్పాలు చూడాలనుకుంటే గంట పైన పెట్టుకోండి. తూర్పు గాంగుల నాటి పని అది, సైకిలు హెల్మెట్ పట్టుకుని ఐదు నిమిషాల్లో చూసి వచ్చేది కాదు. అక్కడి నుంచి గొట్టా బ్యారేజీ దాకా సగం తారు, సగం గ్రావెల్. ఇబ్బంది లేదు.

నవంబరు చివర నుంచి సంక్రాంతి దాకా ఈ ఊళ్ళలో సిమెంటు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. పక్కన రాళ్ళు పేర్చి ఉంటాయి. ధాన్యం మీద నుంచి వెళ్ళొద్దు. దిగి, అంచు వెంట నడిపించుకెళ్ళండి. మొత్తం ఊరికి అర కిలోమీటరు నడక, అంతే.

ఇప్పటికి: దూరం 79 కి.మీ., మట్టి 40 కి.మీ. ఖర్చు 5,580 రూపాయలు (40 మి.మీ. టైర్లు రెండు 3,900, హ్యాంగర్లు రెండు 900 కలిపి). రెండో హ్యాంగర్ సంచిలో ఉండటానికే.

దశ 3: గొట్టా – టెక్కలి, కాలువ గట్టు మీద

గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ ప్రధాన కాలువ టెక్కలి వైపు సాగుతుంది. దాని గట్టు మీద ఎర్ర గ్రావెల్ పోసిన దారి ఉంది. మ్యాపులో చూస్తే ఇదే రూటుకు వెన్నెముక అనిపిస్తుంది. మట్టి కిలోమీటర్లు ఎక్కువ వచ్చిందీ ఇక్కడే: 48లో 33. ఎక్కుడు దాదాపు సున్నా. అయినా ఎక్కువ పంక్చర్లు, ఎక్కువ బోల్టులు పోయింది ఈ ముక్కలోనే.

పంక్చర్లకు కారణం సర్కారు తుమ్మ. గట్టు వాలంతా అదే. కాలువ శుభ్రం చేసినప్పుడు కొట్టిన కంపను గట్టు మీదే ఈడుస్తారు, ముళ్ళు గ్రావెల్లో కలిసిపోతాయి. ముల్లు ఎండాక కూడా టైరు దాటి ట్యూబులోకి దిగుతుంది. ఒకే చక్రంలో నాలుగు ముళ్ళు తీసిన రోజుంది. ప్యాచీ వేసి చక్రం ఎక్కించి గాలి కొట్టేలోపు ఇంకోచోట బుస్సుమనేది. టైరు లోపల పాత ట్యూబు ముక్క పరిచి చూశాం. బరువు పెరిగింది, ముళ్ళు ఆగలేదు.

దాంతో ట్యూబ్‌లెస్‌కు (ట్యూబు లేకుండా, చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం పోసి నడిపే పద్ధతి) మారాం. ఇది వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే వీడియోల్లో చూపించేదంతా ట్యూబ్‌లెస్ కోసమే చేసిన రిమ్ముల మీద. మనలో చాలామంది సైకిళ్ళకు ఉండేవి మామూలు రిమ్ములు.

మొదట ఇంట్లో నిలువు పంపుతో ప్రయత్నం. గాలి పోకుండా రిమ్ము లోపల టేపు ఒక చుట్టు వేశాం. ఎంత కొట్టినా టైరు అంచు రిమ్ముకు అతుక్కోలేదు, గాలంతా పక్కల నుంచి పోయింది. చేతులు పడిపోయాయి తప్ప ఫలితం లేదు. లారీ టైర్ల పంక్చర్ షాపుకు తీసుకెళ్తే అంచు అతుక్కుంది కానీ పావుగంటలో మెత్తబడింది. సబ్బునీళ్ళు పోసి చూస్తే చువ్వల మొదళ్ళ దగ్గర బుడగలు. అంటే గాలి టేపు కింద నుంచి రిమ్ములోకి పోతోంది. టేపు విప్పి చూస్తే అతుకు దగ్గర ముడత పడి ఉంది. చివరికి పని చేసిన క్రమం ఇది:

1. రిమ్ము లోపల స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె చెయ్యి తగలకూడదు.
2. రిమ్ము లోపలి వెడల్పు 19 మి.మీ., టేపు 25. గట్టిగా లాగుతూ రెండు చుట్లు. అతుకు వాల్వుకు ఎదురు పక్కన రావాలి.
3. ట్యూబు పెట్టి 50 పీఎస్‌ఐ గాలితో ఒక రాత్రి ఉంచాలి. టేపు అదుముకుంటుంది. మొదటిసారి మేం చేయనిది ఇదే.
4. ట్యూబు తీసి, ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి, టైరు ఎక్కించి అంచులకు సబ్బునీళ్ళు రాయాలి.
5. వాల్వు లోపలి కోర్ తీసేసి కంప్రెసర్ గొట్టం నేరుగా అదమాలి. టప్పు టప్పుమని చప్పుడొస్తుంది. భయపడక్కర్లేదు, అంచు కూర్చుంటోందన్నమాట.
6. షాపతనికి ముందే చెప్పాలి: 45 దాటొద్దని. ఆ గేజీ లారీల కోసం పెట్టింది, మన టైరు పేలిపోతుంది.
7. గాలి వదిలి, వాల్వు గుండా 70 మి.లీ. సీలెంట్ పోసి, కోర్ బిగించి, చేతి పంపుతో 40. చక్రాన్ని తిప్పి రెండు పక్కలా పడుకోబెట్టాలి.

సన్న వాల్వుకు మామూలు కంప్రెసర్ పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వు మీదే ఉంచుకుంటే దారిలో ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. అది 70 రూపాయలు. ఈ మొత్తం ప్రాజెక్టులో రూపాయికి ఎక్కువ పని చేసిన వస్తువు.

గాలి లెక్క ఇలా కుదిరింది: గట్టి గ్రావెల్ మీద ముందు 32, వెనక 36. ఇసుకలో ముందు 28, వెనక 31. 24కు దించి చూస్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి లేచి గాలి బుస్సున పోయింది. ట్యూబ్‌లెస్ రిమ్ము కానప్పుడు 28 కిందకు వెళ్ళకపోవడమే మంచిది.

వేసవి సంగతి వేరే. సీలెంట్ డబ్బా మీద రాసిన నెలల లెక్క మన ఎండకు పనికిరాదు. ఏప్రిల్‌లో నెల తిరగకముందే పుల్ల పెట్టి చూస్తే అడుగున ముద్ద తప్ప తడి లేదు. మార్చి నుంచి జూన్ దాకా మూడు వారాలకోసారి 30 మి.లీ. కలుపుతున్నాం. మిగతా నెలల్లో రెండు నెలలకోసారి చాలు.

ఇక బోల్టులు. గ్రావెల్ పోసి రోలరు సరిగా తిప్పని చోట దారి అడ్డంగా అలలు అలలుగా తేలుతుంది. గంటకు 12 కి.మీ. వేగంతో వెళ్తే ఒక్కో అల పళ్ళు కొరికిస్తుంది. 20 దాటితే చక్రం అలల తలల మీదుగా పోతుంది కానీ, పట్టు తగ్గి మలుపులో జారుతుంది. ఆ ఊపుకు వాటర్ బాటిల్ స్టాండు బోల్టులు రెండూ ఊడిపోయాయి, ఒకటి కాలువలోకే పోయింది. వాచర్లు వేస్తే ఆగలేదు. నీలం రంగు థ్రెడ్ లాక్ (బోల్టులు ఊడకుండా పట్టే జిగురు) ఒక్కో చుక్క వేశాక ఊడలేదు. ఎర్రది కొనొద్దు, తర్వాత విప్పాలంటే వేడి చెయ్యాల్సి వస్తుంది.

కాలువ గట్టు తూముల దగ్గర, గెడ్డలు (వాగులు) అడ్డొచ్చిన చోట ఆగిపోతుంది. అక్కడల్లా కిందికి దిగి ఊరి రోడ్డు మీదుగా చుట్టి రావాలి. 48లో మిగిలిన 15 కి.మీ. అలా పోయినవే. ఎవరైనా సరిచేయగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ తెగిన చోట్లన్నీ సరిచేసి, ఒక్కో ముక్కకు నేల రకం కూడా రాశాం. తూముల సిమెంటు దిమ్మెల మీద సైకిలు మోసుకుని దాటొచ్చు కదా అని బావ అన్నాడు. కాలువలో నీళ్ళు వదిలే రోజుల్లో వద్దే వద్దు. అంచులు పాచి పట్టి ఉంటాయి.

ఇప్పటికి: దూరం 127 కి.మీ., మట్టి 73 కి.మీ. ఖర్చు 7,840 రూపాయలు (టేపు, వాల్వులు, సీలెంట్ 2,150, అడాప్టర్ 70, కంప్రెసర్ గాలికి 40).

దశ 4: టెక్కలి – పలాస

34 కిలోమీటర్లలో మట్టి 11 మాత్రమే, అవీ చెరువు గట్లు. హైవే తగలకుండా ఊళ్ళ వెంట వెళ్ళడమే ఈ దశలో పని. శీతాకాలంలో అయితే టెక్కలి నుంచి తేలినీలాపురం వెళ్ళి రావొచ్చు. చెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టి ఉంటాయి. అది ఈ లెక్కలో కలపలేదు.

మార్చింది ఒకటే, నీళ్ళు. తలా ఒకటిన్నర లీటరు సరిపోలేదు. పలాస దాటాక తోటల్లో అంగడి ఉండదు కాబట్టి ఫ్రేములో పట్టే సంచి, అదనంగా బాటిల్ స్టాండ్లు కొన్నాం. ఇప్పుడు తలా మూడు లీటర్లు.

ఇప్పటికి: దూరం 161 కి.మీ., మట్టి 84 కి.మీ. ఖర్చు 8,790 రూపాయలు.

దశ 5: పలాస – మందస, జీడి కొండలు

ఎత్తు పెద్దది కాదు. దూరంగా కనిపించే 1,501 మీటర్ల మహేంద్రగిరి ఒడిశాలో ఉంది, మన రూటు దాని కాళ్ళ దగ్గరి చిన్న మెట్టల మీదుగా పోతుంది. కష్టం వాలుది, నేలది. జీడి తోటల దారుల్లో ఎర్రమట్టి మీద గుండ్రటి చిన్న రాళ్ళు పరుచుకుని ఉంటాయి. ఎక్కేటప్పుడు గోలీల మీద తొక్కినట్టే, వెనక చక్రం తిరుగుతుంది కానీ సైకిలు కదలదు.

12 శాతం వాలున్న చోట బావ దిగి నడిచాడు. 40 పళ్ళ చైన్‌రింగు, వెనక 36తో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు 8.8 కి.మీ. వేగం వస్తుంది. ఆ వాలులో అంత వేగం నిలబెట్టే బలం మామూలు మనిషికి ఉండదు, నెమ్మదిస్తే పెడల్ ఆగుతుంది, లేచి నిలబడితే చక్రం జారుతుంది. చైన్‌రింగు 34కు మార్చాక అదే తిప్పుడుకు 7.5 వచ్చింది. కూర్చునే ఎక్కగలిగాడు. నా 26–32 గేరులో 6.4 వస్తుంది, అందులో ఇబ్బందే లేదు. కొత్త సైకిలు కొనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే: వెనక పెద్ద పళ్ళచక్రం కన్నా ముందు చైన్‌రింగు చిన్నదై ఉండాలి.

దిగుడులో బ్రేకు ప్యాడ్లు. ఎర్రదుమ్ము డిస్కుకు పట్టి రాపిడికి ప్యాడ్లు త్వరగా అరిగాయి. లోహం ముక్కలు కలిసిన సింటర్డ్ ప్యాడ్లు వేశాం. చప్పుడు ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువే.

దారి వెతకడం ఇక్కడే కష్టమైంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. ఈ వైపు జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. తర్వాత కొత్త మొక్కలు నాటి కంచెలు వేసుకున్నారు. పాత శాటిలైట్ బొమ్మల్లో చక్కగా కనిపించే బండిదారులు చాలావరకు ఇప్పుడు కంచె దగ్గర ఆగిపోతాయి. మ్యాపు పక్కన పెట్టి, తోటల్లో పని చేసేవాళ్ళను అడిగి గీసుకున్న గీతే చివరికి నిలిచింది. కంచె తీసి వెళ్ళిన చోటు ఒక్కటీ రూటులో లేదు. రెండు చోట్ల దారి తోట మధ్య నుంచి పోతుంది. అక్కడ ఎవరైనా కనిపిస్తే ఆగి చెప్పి వెళ్ళండి. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు ఏరే రోజులు, ఆ మూడు నెలలూ ఆ రెండు ముక్కలు వదిలేసి తారు రోడ్డు మీదుగా వెళ్ళాలి. పిక్కలు రాలిన నేల మీద సైకిలు నడిపితే ఎవరికైనా కోపం వస్తుంది.

ఇంకోటి, ఎలుగు. మొదట ఈ దశను తెల్లవారుజామున మొదలుపెట్టేలా వేసుకున్నాం, ఎండ తగలకుండా ఉంటుందని. తోట మొదట్లో ఓ మామ్మ ఆపింది. "ఈ ఏళప్పుడు లోపలికి ఎల్తారేటి బావూ, ఎలుగు తిరుగుతున్నాది. ఎండెక్కినాక ఎల్లండి" అంది. ఊరికే భయపెట్టిన మాట కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడిలో ఒక మనిషి ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. జీడిపండు, పనసపండు ఉన్న రోజుల్లో అవి తోటల్లోకి దిగుతాయి. అందుకని:

1. తోటల ముక్క పొద్దున్న ఎనిమిదికి ముందు, సాయంత్రం నాలుగు తర్వాత లేదు.
2. ఒక్కరే వెళ్ళొద్దు. మలుపుల్లో బెల్లు కొడుతూ, మాట్లాడుకుంటూ వెళ్ళాలి.
3. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

దీనివల్ల ఎండలో ఎక్కాల్సి వస్తోంది. నీళ్ళు మూడు లీటర్లు చేసింది అందుకు కూడా.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి దగ్గర రూటు ముగుస్తుంది. మందస కోవా తినకుండా తిరిగి రావడం బావకు కుదరని పని కాబట్టి, అది కూడా రూటులో భాగమే అనుకోండి. తిరుగు ప్రయాణం పలాస నుంచి రైల్లో, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా. చక్రాలు రెండూ విప్పి, హ్యాండిల్ తిప్పి, పాత దుప్పటి కుట్టించిన సంచిలో పెడితే పెద్ద పెట్టెంత అవుతుంది. డిస్క్ బ్రేకుల మధ్య అట్టముక్క పెట్టండి. దారిలో లీవరు నొక్కుకుపోతే ప్యాడ్లు అతుక్కుని చక్రం మళ్ళీ ఎక్కదు.

ఇప్పటికి: దూరం 190 కి.మీ., మట్టి 105 కి.మీ. ఖర్చు 11,280 రూపాయలు (చైన్‌రింగు 1,850, ప్యాడ్లు 640).

మట్టి ముక్కలు, చుక్కలు

ఒకటి తేలిక, ఐదు కష్టం.

- ముక్క 1, శాలిహుండం – మడపాం గట్టు, 14 కి.మీ.: ఎండు 3, తడి 2
- ముక్క 2, మడపాం – శ్రీముఖలింగం, 18 కి.మీ.: ఎండు 1, తడి 5 (వెళ్ళకండి)
- ముక్క 3, శ్రీముఖలింగం – గొట్టా, 8 కి.మీ.: ఎండు 2, తడి 4
- ముక్క 4, కాలువ గట్టు, 33 కి.మీ.: ఎండు 2, తడి 3
- ముక్క 5, చెరువు గట్లు, 11 కి.మీ.: ఎండు 1, తడి 2
- ముక్క 6, జీడి కొండలు, 21 కి.మీ.: ఎండు 4, తడి 3

ముక్క 1, ముక్క 6 తడిస్తే తేలికవుతాయి. ఇసుక గట్టిపడుతుంది, ఎర్రమట్టి రాళ్ళను పట్టుకుంటుంది. చదునుగా, అమాయకంగా కనిపించే ముక్క 2 ఒక్కటే ప్రాణం తీస్తుంది. వాన పడితే దాన్ని వదిలి మడపాం నుంచి తారు మీదుగా శ్రీముఖలింగం చేరి, అక్కడి నుంచి కొనసాగితే మిగతాదంతా తొక్కదగినదే. మొత్తం ఎండుగా కావాలంటే సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరి దాకా. అప్పటికి ధాన్యం రోడ్ల మీద నుంచి లేస్తుంది, జీడిపిక్కలు ఇంకా రాలవు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు చూసుకోకుండా బయల్దేరొద్దు.

గొట్టా దగ్గర కాలువ గట్టుకు కొంత మేర కొత్త గ్రావెల్ తోలుతున్నారు. రోలరు తిరిగాక ముక్క 4 మళ్ళీ కొలిచి చుక్కలు మారుస్తాం. అప్పటిదాకా అక్కడ వెనక 36 కాకుండా 33 పెట్టి వెళ్ళండి, కొత్త మెటల్ చాలా వదులుగా ఉంది.